ప్రళయం తర్వాతి నవలలు: వెతికి పట్టుకోవడం, తగిన చేతికి అందించడం

అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు ఆ చెట్టు కొమ్మలు పట్టుకుని 150 మందికి పైగా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద గురించి తన అత్తగారి నోట విన్న సంగతులు మా నాయనమ్మ మాకు చెప్పేది. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో, ఎన్ని వేలమంది పోయారో రెండు ముక్కల్లో అయిపోయేది. నీళ్లు తీశాక ఎవరింట్లో ముందు పొయ్యి రాజుకుంది, తడిసిన బియ్యాన్ని ఎక్కడ ఆరబోశారు, తల్లి జాడ తెలియని పిల్లవాణ్ణి ఎవరు చేరదీశారు అన్న సంగతులకు మాత్రం ఆమెకు ఒక పూట పట్టేది.

ఇంగ్లీషులో పోస్ట్ అపోకలిప్టిక్ అని పిలిచే నవలలు ఈ రెండో భాగపు కథలే. నేను వాటిని ప్రళయానంతర నవలలు అంటాను. చాలా ఏళ్లుగా వాటిని వెతుక్కుంటూ, చదువుతూ, అడిగినవాళ్లకు సూచిస్తూ వచ్చిన అనుభవంతో ఈ పద్ధతి రాస్తున్నాను. దీనికంతటికీ ఆధారం ఒకే ఒక ప్రశ్న: ఏం మిగిలింది, అది ఎవరి చేతిలో మిగిలింది? లోకం అణుబాంబుతో పోయిందా, రోగంతో పోయిందా అన్నది పుస్తకం వెనక అట్ట మీదే ఉంటుంది గానీ, ఒక పాఠకుడికి ఒక నవల ఎందుకు నచ్చిందో, దాని తర్వాత ఏది నచ్చుతుందో ఆ కారణం చెప్పదు.

దేని కోసం వెతుకుతున్నాం

మూడు రకాల పుస్తకాలు ఒకే అరలో కలిసిపోతుంటాయి కాబట్టి ముందు వాటిని విడదీసుకోవాలి. ఉపద్రవం జరుగుతుండగా నడిచే కథ ఒకటి. అందులో ఉత్కంఠ అంతా తప్పించుకోవడంలోనే ఉంటుంది. ప్రభుత్వమో కంపెనీయో మనుషులను అణిచిపెట్టే భవిష్యత్తు కథ, అంటే డిస్టోపియా, మరొకటి. అందులో వ్యవస్థ కూలిపోలేదు, మరీ గట్టిగా నిలబడింది. మనం వెతికేది మూడోది: వ్యవస్థ పోయింది, మనుషులు కొందరు మిగిలారు, తెల్లవారింది. కాలజ్ఞానం వంటి భవిష్యవాణి కూడా ఈ కోవలోకి రాదు. రాబోయేదాన్ని చెప్పడం వేరు, వచ్చి వెళ్లినదాని తర్వాత బతకడం వేరు.

ఈ హద్దులు రాతిగోడలేమీ కావు. ఆక్టేవియా బట్లర్ 1993లో రాసిన ‘పారబుల్ ఆఫ్ ది సోవర్’ 2024లో కాలిఫోర్నియాలో మొదలవుతుంది. అక్కడ లోకం ఒక్క రోజులో అంతం కాలేదు. జీతాలు, నీళ్లు, పోలీసులు, రోడ్లు ఒక్కొక్కటిగా చేజారిపోతున్నాయి, కొన్ని కుటుంబాలు గోడ కట్టుకుని లోపల బతుకుతున్నాయి. దీన్ని డిస్టోపియా అనేవారితో నాకు తగవు లేదు. కానీ మన నగరంలో గేటెడ్ కమ్యూనిటీలో ఉంటూ ప్రళయానంతర నవల అడిగినవారికి నేను మొట్టమొదట చెప్పేది దీని పేరే.

పుస్తకం ఏ కాలానిదో అంచనా వేయడం కూడా వెతుకులాటలో సగం పని తీరుస్తుంది. ఏ తరం భయం ఆ తరం నవలల్లోకి వస్తుంది. హిరోషిమాకు ముందు రాసినవాటిలో లోకాన్ని ఊడ్చేసేది ఎక్కువగా మహమ్మారో, ప్రకృతో. మేరీ షెల్లీ 1826లో రాసిన ‘ది లాస్ట్ మ్యాన్’లో ప్లేగు, రిచర్డ్ జెఫరీస్ 1885లో రాసిన ‘ఆఫ్టర్ లండన్’లో ఇంగ్లండును అడవి కమ్మేస్తుంది, జాక్ లండన్ 1912లో రాసిన ‘ది స్కార్లెట్ ప్లేగ్’లో 2013 నాటి రోగం గురించి 2073లో ఒక ముసలి ప్రొఫెసరు తోళ్లు కట్టుకున్న మనవళ్లకు చెబుతుంటాడు, వాళ్లకు ఆయన మాటల్లో సగం అర్థం కావు. 1945 తర్వాత అణుయుద్ధం ముందుకొచ్చింది. నెవిల్ షూట్ ‘ఆన్ ది బీచ్’ 1957లో, పాట్ ఫ్రాంక్ ‘అలాస్, బాబిలోన్’ 1959లో వచ్చాయి. జె.జి. బల్లార్డ్ 1962లో రాసిన ‘ది డ్రౌన్డ్ వరల్డ్’లో లండన్ నీట మునిగి ఉంటుంది, అయితే అక్కడి ఎండకు కారణం సూర్యుడే గానీ మనుషులు వదిలిన పొగ కాదు. మనుషులు చేసుకున్న వేడి నవలలకు ముఖ్య విషయం కావడం ఆ తర్వాతి మాట. కాబట్టి ఎవరైనా ‘బాంబు తర్వాతి కథ, పాత పుస్తకం’ అన్నారంటే 1945కు ముందు వెతకడం చాలావరకు వృథా శ్రమ.

సగం గుర్తున్న నవలను పట్టుకోవడం

నా దగ్గరకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఎప్పుడో చదివారు, పేరు పోయింది, రచయిత పేరు పోయింది, ఒక దృశ్యం మాత్రం కళ్లలో నిలిచిపోయింది. వెంటనే ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టకండి. వెతుకులాటలో కనిపించిన ప్రతి పుస్తకమూ మీ జ్ఞాపకం మీద తన రంగు పూస్తుంది. పది పేజీలు తిప్పేసరికి మీకు నిజంగా గుర్తున్నదేదో, ఇప్పుడే చదివినదేదో తేడా తెలియదు. ముందు ఒక కాగితం తీసుకుని రెండు గళ్లు గీయండి. మొదటి దానిలో కచ్చితంగా గుర్తున్నవి, రెండో దానిలో అనుకుంటున్నవి రాయండి. ఏ ఊళ్లో, ఏ చదువులో ఉండగా చదివారో తప్పకుండా రాయాలి. ఇంటర్మీడియట్ 1998లో అయితే, ఆ తర్వాత వచ్చిన పుస్తకాలన్నీ ఒక్క దెబ్బతో పక్కకు పోతాయి. కథను ‘నేను’ అని చెప్పారా, పాత్రలు నడిచి వెళ్లాయా, ఒకే చోట ఉన్నాయా, పిల్లలున్నారా, జంతువులున్నాయా, చివరికి ఏం మిగిలింది అన్నవి రాయండి. అట్ట రంగును మాత్రం రెండో గడిలోనే ఉంచండి. ఒకే నవలకు ఎన్నో అట్టలుంటాయి, పైగా పాత అమెరికన్ పేపర్‌బ్యాక్ అట్టల మీది బొమ్మలకు లోపలి కథతో సంబంధం ఉండాలన్న నియమం లేదు.

ఒకసారి ఒక మాస్టారు నన్ను ఇలా అడిగారు: ‘సన్యాసులు ఒక కరెంటు బొమ్మను పవిత్ర గ్రంథంలా నకలు రాసుకుంటారు, నీలి రంగు సిరా అంతా దానికే అయిపోతుంది.’ ఆయన కాగితం మీద కచ్చితంగా గుర్తున్న గడిలో ఈ ఒక్క వాక్యమే ఉంది, అదే చాలింది. అది వాల్టర్ ఎం. మిల్లర్ జూనియర్ రాసిన ‘ఎ కాంటికల్ ఫర్ లీబోవిట్జ్’. 1959లో వచ్చి, 1961లో సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో పురస్కారం పొందిన నవల. అణుయుద్ధం తర్వాత జనం చదువు మీద, చదువుకున్నవారి మీద కక్ష కట్టి పుస్తకాలు తగలబెడితే, ఎడారిలోని ఒక మఠం మిగిలిన కాగితం ముక్కలను దాచిపెట్టి తరతరాలుగా నకళ్లు రాస్తూ ఉంటుంది. మాస్టారు చెప్పిన కరెంటు బొమ్మ ఒక బ్లూప్రింట్, అంటే ఇంజినీర్ల నీలి నక్షా; అందులో గీతలు తెల్లగా, నేపథ్యం నీలంగా ఉండడం ఒకనాటి అచ్చు పద్ధతి వల్ల వచ్చినదని వారికి తెలియదు. అందుకని నీలి భాగమంతా సిరాతో నింపుకుంటూ, తెల్లని గీతలను ఎంతో ఓపికతో ఖాళీగా వదిలేస్తూ నకలు తీస్తారు. అర్థం తెలియకపోయినా అక్షరం పొల్లుపోకుండా తాళపత్రాలకు ప్రతులు తీసిన లేఖరుల మీద నిలబడిన సాహిత్యం మనది; ఈ దృశ్యం మనకు తగిలినంత దగ్గరగా చాలామందికి తగలదేమో అనిపిస్తుంది. మిల్లర్ రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీలోని మోంటే కసీనో మఠంపై బాంబులు వేసిన దాడిలో విమాన సిబ్బందిగా పాల్గొన్నవాడని తెలిశాక ఆ మఠం మరోలా కనిపిస్తుంది.

నవల అని గుర్తున్నది చాలాసార్లు కథ అయి ఉంటుంది. ‘మనుషులంతా పోయాక కూడా ఇల్లు తనంతట తాను టిఫిన్ వండి పెట్టే నవల’ అని నన్ను అడిగినవారు ఒకరిద్దరు కాదు. అది రే బ్రాడ్‌బరీ 1950లో రాసిన చిన్న కథ. ‘ది మార్షియన్ క్రానికల్స్’ అనే పుస్తకంలో ఉంటుంది. వారం రోజులు వెతికినా నవల దొరక్కపోతే, కథల వైపు తిరగండి.

వెతకడానికి రెండు మంచి చోట్లున్నాయి. ‘ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ సైన్స్ ఫిక్షన్’ 2011 నుంచి ఇంటర్నెట్‌లో ఉచితంగా అందుబాటులో ఉంది. అందులో రచయితల పేర్లతో పాటు ఇతివృత్తాల మీద కూడా పెద్ద వ్యాసాలున్నాయి. ఒక వ్యాసం చదివితే ఆ ఇతివృత్తం చరిత్ర అంతా, పదుల కొద్దీ పుస్తకాల పేర్లతో సహా, కాలక్రమంలో కళ్లముందుకొస్తుంది. రెండోది ‘ఇంటర్నెట్ స్పెక్యులేటివ్ ఫిక్షన్ డేటాబేస్’. ఒక నవల ఏ ఏడాది, ఏ ప్రచురణకర్త దగ్గర, ఏ అట్టతో, ఏ పేరుతో వచ్చిందో అక్కడ చూడవచ్చు. పాత పుస్తకాలు కొనేవారికి ఈ పేరు సంగతి చాలా ముఖ్యం, ఎందుకంటే బ్రిటన్‌లో ఒక పేరుతో వచ్చిన పుస్తకం అమెరికాలో మరో పేరుతో వచ్చేది. జాన్ విండమ్ నవల ‘ది క్రిసలిడ్స్’ అమెరికాలో ‘రీ-బర్త్’ అయింది. ఆయనదే ‘ది క్రాకెన్ వేక్స్’ అక్కడ ‘అవుట్ ఆఫ్ ది డీప్స్’. జాన్ క్రిస్టఫర్ ‘ది డెత్ ఆఫ్ గ్రాస్’ అక్కడ ‘నో బ్లేడ్ ఆఫ్ గ్రాస్’. ఈ సంగతి తెలియక ఇదివరకే ఉన్న పుస్తకాన్ని కొత్త పుస్తకమనుకుని ఇంటికి తెచ్చుకున్నవారిని చూశాను. దీనికి తలకిందులు వ్యవహారం కూడా ఉంది: స్టీఫెన్ కింగ్ ‘ది స్టాండ్’ ఒకే పేరుతో రెండు రూపాల్లో దొరుకుతుంది. 1978 నాటిది కుదించినది. 1990 నాటిదానిలో తీసేసిన సుమారు 400 పేజీలు తిరిగి చేరాయి. మొదటిసారి చదివేవారికి చిన్నదే మేలని నా అభిప్రాయం.

నగరంలో ఎక్కడ దొరుకుతాయి

ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి కాబట్టి వాటి ముందు ఫుట్‌పాత్ అంతా పాత పుస్తకాలు పరుస్తారు. ఎండ ముదరకముందే వెళ్లడం మంచిది. ఈ నవలలకు అక్కడ వేరే గుట్ట ఉండదు; థ్రిల్లర్ల మధ్య, పాత పెంగ్విన్ ప్రచురణల మధ్య, ఒక్కోసారి పోటీ పరీక్షల గైడ్ల కింద కూడా దొరుకుతాయి. అందుకే అట్టలు చూసుకుంటూ పోకుండా, వంగి వెన్నుల మీద రచయితల పేర్లు చదవండి. విండమ్, బల్లార్డ్, షూట్, స్టీవర్ట్, మిల్లర్, బట్లర్, మెకార్తీ అనే ఏడు పేర్లు కంటికి అలవాటైతే చాలు. కింగ్ తరచుగానే కనిపిస్తాడు. బట్లర్ అరుదు, కనబడితే వదులుకోవద్దు.

నాకు స్టీవర్ట్ నవల ‘ఎర్త్ అబైడ్స్’ అక్కడే దొరికింది. అట్ట మూలలు మెత్తబడిపోయి, లోపలి కాగితం బెల్లం రంగుకు తిరిగి ఉంది. ధర అడగబోతుంటే అమ్మే ఆయనే ఆపి, ‘మేడమ్, ముందుగాల ఆఖరి పేజీలు చూస్కోండ్రి, తర్వాత మాట్లాడుదాం’ అన్నారు. చూస్తే చివరి పేజీలు ఉన్నాయి గానీ, మధ్యలో ఒక కట్ట ఊడిపోయి పుస్తకంలోనే అడ్డంగా దూర్చి ఉంది. ఇద్దరం నిలబడి పేజీల అంకెలు సరిచూశాం, ఒక్కటీ పోలేదు. 60 రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. అప్పటి నుంచి మూడు పనులు చేయకుండా ఏ పాత పుస్తకమూ కొనను: చివరి పేజీ చూడడం, మధ్యలో వెన్ను దగ్గర కట్టలు గట్టిగా ఉన్నాయో లేదో తెరిచి చూడడం, పుస్తకం పేరున్న పేజీకి వెనక వైపు ఇది పూర్తి పాఠమా, కుదించినదా అని చదవడం. అచ్చు మసకగా, మార్జిన్లు వంకరగా ఉంటే అది దొంగ ముద్రణ; అందులో పేజీలు ఎగిరిపోవడం మామూలు, రచయితకు రూపాయి చేరదు.

గ్రంథాలయాల్లోనూ ఈ నవలలకు ప్రత్యేకమైన అర ఉండదు. పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలు వేసే డ్యూయీ వర్గీకరణ పాటించే చోట బ్రిటిష్ రచయితలు 823లో, అమెరికన్లు 813లో ఉంటారు. కాబట్టి విండమ్ ఒక అరలో, మెకార్తీ మరో అరలో ఉంటారని తెలుసుకుని వెళ్లాలి. అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలైంది. ఇప్పుడు మూసీ ఒడ్డునే ఉంది. చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. అక్కడి సిబ్బందిని ‘పోస్ట్ అపోకలిప్టిక్’ అని అడిగితే వారికీ మీకూ ఇబ్బందే. రచయిత పేరు, పుస్తకం పేరు చీటీ మీద రాసి ఇవ్వండి. డిసెంబరు ప్రాంతంలో జరిగే పుస్తక ప్రదర్శనలో పాత ఇంగ్లీషు పుస్తకాల దుకాణాలు కొన్ని వస్తాయి, అక్కడ ఓపికే పెట్టుబడి.

ఖర్చు లేకుండా చదవాలంటే పాతవాటితో మొదలుపెట్టవచ్చు. మన దేశంలో కాపీరైట్ రచయిత జీవితకాలంతో పాటు మరణం తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. షెల్లీ, జెఫరీస్, జాక్ లండన్ నవలలు ఉచిత ఈ-పుస్తకాల వెబ్‌సైటు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉన్నాయి. నెవిల్ షూట్ 1960లో మరణించాడు కాబట్టి మన చట్టం ప్రకారం ‘ఆన్ ది బీచ్’ కూడా 2021 నుంచి అందరిదీ అయింది. వీటిలో ‘ది స్కార్లెట్ ప్లేగ్’ ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుంది. ఈ తరహా తమకు సరిపడుతుందో లేదో చూసుకోవాలనుకునేవారికి అంతకంటే మంచి ప్రవేశం నాకు తెలియదు. ‘ది లాస్ట్ మ్యాన్’ అలా కాదు. ప్లేగు రావడానికే చాలా పేజీలు పడుతుంది. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి తప్ప దాన్ని మొదటి పుస్తకంగా చెప్పను.

ఇంకొకరికి సూచించేటప్పుడు

ఇక్కడ నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. 2021లో రెండో వేవ్ తగ్గాక, వాళ్ల నాన్నగారిని పోగొట్టుకున్న ఒక చిన్న వయసు సహోద్యోగి చదవడానికి ఏదైనా ఇమ్మని అడిగింది. ఎమిలీ సెయింట్ జాన్ మాండెల్ 2014లో రాసిన ‘స్టేషన్ ఎలెవెన్’ ఇచ్చాను. ఫ్లూ వచ్చి లోకం ఖాళీ అయిన ఇరవై ఏళ్లకు, షేక్స్‌పియర్ నాటకాలు ఆడుతూ, సంగీతం వాయిస్తూ ఊరూరా తిరిగే బృందం కథ అది. నా మనసులో ఆ నాటక బృందమే ఉంది. నాలుగు రోజుల తర్వాత ఆమె ఆ పుస్తకాన్ని న్యూస్‌పేపర్‌లో చుట్టి తెచ్చి ఇచ్చింది. ‘అక్కా, ఆస్పత్రి నుంచి డాక్టర్ స్నేహితుడు ఫోన్ చేస్తాడు కదా, అక్కడ ఆగిపోయాను’ అంది. ఆ ఫోను పుస్తకం మొదట్లోనే వస్తుంది. నేను చాలా ఇష్టపడిన పుస్తకం కాబట్టి, ఆ పేజీలు ఆమెకు ఎలా ఉంటాయన్నది నాకు తట్టలేదు.

అప్పటి నుంచి పుస్తకం పేరు చెప్పేముందు రెండు విషయాలు అడుగుతున్నాను. ఇప్పుడు దేని గురించి చదవలేరు? ఇదివరకు చదివినవాటిలో ఏ దృశ్యం మీ వెంట వచ్చింది? మొదటి ప్రశ్నకు కారణం అడగకూడదు. ‘ఆస్పత్రులు వద్దు’, ‘పిల్లలకు ఏమీ కాకూడదు’ అంటే అంతటితో తీసుకోవాలి. రెండో ప్రశ్నకు వచ్చే జవాబే మనకు దారి చూపిస్తుంది. ‘స్టేషన్ ఎలెవెన్’ నచ్చిందన్న ఇద్దరిలో ఒకరికి నాటక బృందం గుర్తుండిపోయింది, ఇంకొకరికి విమానాశ్రయంలో చిక్కుకుపోయినవారు పాత వస్తువులతో పెట్టుకున్న ప్రదర్శనశాల గుర్తుండిపోయింది. మొదటివారికి కళ మిగిలిన కథ కావాలి. రెండోవారికి జ్ఞాపకం మిగిలిన కథ కావాలి, వారికి ‘కాంటికల్’ ఇవ్వవచ్చు. ఇద్దరికీ ‘ఫ్లూ మీద మరో నవల’ ఇస్తే ఇద్దరూ నిరాశపడతారు.

ఇలా మిగిలినదాన్ని బట్టి నేను పుస్తకాలను మనసులో సర్దుకుంటాను. చేతి పని, పశువులు, పంట మిగిలిన కథ కావాలంటే మార్లెన్ హౌషోఫర్ 1963లో జర్మన్‌లో రాసిన ‘ది వాల్’. ఇంగ్లీషు అనువాదం దొరుకుతుంది. నమ్మకం మిగిలిన కథ, అదీ కొత్తగా పుట్టే నమ్మకం కావాలంటే బట్లర్. తండ్రీకొడుకుల బంధం తప్ప మరేమీ మిగలని కథకు కార్మాక్ మెకార్తీ ‘ది రోడ్’. 2006లో వచ్చి 2007లో పులిట్జర్ పొందిన ఈ నవలలో కొటేషన్ గుర్తులుండవు, తండ్రి ఒక ట్రాలీ తోసుకుంటూ కొడుకుతో నడుస్తూ ఉంటాడు. ఇందులో మనుషులు మనుషులను తినే దృశ్యాలున్నాయని చెప్పకుండా ఎవరి చేతిలోనూ పెట్టకూడదు. పదో తరగతి పిల్లలకు ‘ది క్రిసలిడ్స్’ ఇస్తాను. వేరుగా పుట్టినవారిని వెలివేసే ఊళ్లో, తనలోని తేడాను దాచుకుంటూ పెరిగే పిల్లవాడి కథ అది. ఆ వయసు పిల్లలు దాన్ని ఎవరూ వివరించకుండానే అందుకుంటారు.

కథ చివర ఏమవుతుందో చెప్పకూడదు, కానీ దారిలో ఏం గుచ్చుకుంటుందో చెప్పాలి. ఈ రెండింటినీ కలిపేసి, గుట్టు విప్పకూడదన్న పట్టుదలతో హెచ్చరిక కూడా మానేయడం మంచిది కాదు. పాత నవలల్లో ఆడవాళ్ల గురించి, ఇతర జాతుల గురించి ఆనాటి అభిప్రాయాలు కనిపిస్తాయి. అదీ ముందే చెప్పాలి. నేను ఇచ్చే ప్రతి పుస్తకంలోనూ ఒక చీటీ పెడతాను. ‘ఎర్త్ అబైడ్స్’లో ఉన్న చీటీ ఇది:

‘జార్జ్ ఆర్. స్టీవర్ట్, 1949. ఒక రోగం దాదాపు అందరినీ తీసుకుపోయింది. మిగిలినవి: ఒక యువకుడు, ఒక సుత్తి, ఒక పెద్ద విశ్వవిద్యాలయ గ్రంథాలయం, ఇంకా కొన్నేళ్లు నల్లాలో వచ్చే నీళ్లు. కథ నెమ్మదిగా నడుస్తుంది. చీమలు, ఎలుకలు, కుక్కలు ఎలా పెరిగాయో చెప్పే భాగాలను దాటవేయవద్దు. యుద్ధాలు కావాలంటే ఇందులో దొరకవు. పిల్లల చదువు గురించి బెంగపడే తల్లిదండ్రులకు మనసు బరువెక్కుతుంది. ఆనాటి అభిప్రాయాలు అక్కడక్కడా ఇబ్బంది పెడతాయి.’

ఇంతకంటే పొడుగు రాస్తే ఎవరూ చదవరు. ఆ నవలలో నల్లాలు ఆగిపోయే రోజు గురించి నేను ఎక్కువ చెప్పను. రోజు విడిచి రోజు నీళ్లు పట్టుకునే నగరంలో ఉన్న మనకు ఆ పేజీలు చదివాక కుళాయి తిప్పేటప్పుడు చేయి ఒక్క క్షణం ఆగుతుంది. గ్రంథాలయం గురించి కూడా అంతే. 2000 ఆగస్టులో కురిసిన కుండపోతకు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లు చేరి, అక్కడ భద్రపరిచిన పాత ఉర్దూ పుస్తకాలు తడిసిపోయాయి. పుస్తకాలను కాపాడుకోవాలన్న ఆ యువకుడి తపన హైదరాబాదు పాఠకుడికి కల్పనలా అనిపించదు.

ఇంగ్లీషు చదవనివారికి ఏం చెప్పాలన్నది నన్ను ఎప్పుడూ వేధించే ప్రశ్న. ఈ కోవ నవలలకు తెలుగు అనువాదాలు తక్కువ. అయితే మన దగ్గర మహాభారతంలోని మౌసలపర్వం ఉంది. యాదవులు ఒకరినొకరు చంపుకున్నాక, ద్వారక సముద్రంలో కలిసిపోతుంటే, మిగిలిన స్త్రీలను, పిల్లలను, ముసలివాళ్లను వెంటబెట్టుకుని అర్జునుడు బయలుదేరుతాడు. దారిలో దొంగలు పడితే, ఎవరికీ లొంగని గాండీవాన్ని ఎక్కుపెట్టడానికే కష్టపడతాడు, అస్త్రాలు గుర్తుకు రావు. చివరికి మిగిలినవారిని అక్కడక్కడా కుదురుపెట్టి, కృష్ణుడి మునిమనవడు వజ్రుణ్ణి ఇంద్రప్రస్థంలో నిలబెడతాడు. ఆయుధం పనిచేయని రోజున వీరుడికి మిగిలే పని ఏమిటన్నది ప్రళయానంతర కథల అసలు ప్రశ్నల్లో ఒకటి. దాన్ని తిక్కన తెలుగులో చదవగలగడం మన భాగ్యం. పద్యం కష్టమైనవారికి మంచి వచన భారతం ఇవ్వండి, పర్వం చిన్నదే.

రెండో దారి, నోటితో చెప్పడం. మా పెద్దమ్మకు చూపు తగ్గింది, ఇంగ్లీషు రాదు. కిందటి వేసవిలో మధ్యాహ్నం పూట ‘ది వాల్’ను రోజుకు కాస్త చొప్పున ఆమెకు తెలుగులో చెప్పాను. కొండల్లోని ఒక ఇంటికి వెళ్లిన ఆడమనిషి, తెల్లారి లేచేసరికి కంటికి కనిపించని గోడ ఒకటి అడ్డంగా నిలిచి ఉంటుంది. గోడకు అవతల జీవమున్నదేదీ కదలదు. ఇవతల ఆమెకు ఒక కుక్క, ఒక పిల్లి, చూలుతో ఉన్న ఒక ఆవు మిగులుతాయి. కుక్క చనిపోతుందని కథ చెప్పే ఆమే ముందుగా చెప్పేస్తుంది కాబట్టి నేనూ ముందే చెప్పాను. గోడ ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని పెద్దమ్మ ఒక్కసారి కూడా అడగలేదు. గడ్డి కోతలు, ఆలుగడ్డలు పాతడం, కట్టెలు కొట్టుకోవడం మాత్రం వివరంగా చెప్పించుకుంది. గడ్డి ఎండకముందే వాన వస్తే ఏం చేసిందని నిలదీసింది. చలికాలం మొదలైన చోట ఒక రోజు ఆపాను. మర్నాడు నేను చాప పరుచుకోకముందే అడిగింది:

‘ఆవు ఈనిందా బిడ్డా?’

‘ఈనింది పెద్దమ్మా, కోడెదూడ.’

ఆమె కాసేపు ఊరుకుని, ‘మరి జున్ను ఎవలకు పంచింది? ఒక్కతే ఉండె గద’ అంది.